మేడంగోరి కర్రకు రబ్బరు తొడుగు

మా అక్కయ్య స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. డాక్టర్లు లోపల కడ్డీ పెట్టి, పైన కుట్లు వేసి, "ఎముక అతుక్కుంది, ఇక నడకే మందు" అని ఇంటికి పంపించారు. ఇంటికొచ్చిన అక్కయ్య చక్రాల కుర్చీలో కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది.

అసలు ఆమె కూర్చునే మనిషి కాదు. రబ్బరు కార్ఖానా పెట్టింది ఆమె, నడిపింది ఆమె, అందులో పొద్దస్తమానం నడిచిందీ ఆమే. ఇంటికీ కార్ఖానాకీ మధ్య పొడుగాటి వసారా ఒకటుంది. దాని అవతలి తలుపు తీస్తే మిల్లు, మిల్లు పక్కన ప్రెస్సు. అక్కయ్య చెప్పుల చప్పుడు వసారాలో వినబడితే చాలు, అవతల పనివాళ్ళ కబుర్లు ఆగి యంత్రాల కబుర్లు మొదలయ్యేవి. సరుకు ఎలా వచ్చిందో చూడటానికి ఆమెకు యంత్రాలక్కర్లేదు. బొటనవేలి గోటితో ఒక్క నొక్కు నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంకా ఉడకాలి" అనో "మాడింది" అనో చెప్పేసేది. పనివాళ్ళు ఆమెను మేడంగోరు అంటారు. గారు అనబోయి గోరు అన్నారో, గోటికి జడిసి గోరు అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె తయారుచేస్తుంది, నేను ఊళ్ళు తిరిగి అమ్ముతాను. అందుకే కార్ఖానాలో అందరికీ ఆమె అమ్మ, నేను అమ్మేవాణ్ణి.

కసరత్తు చేయించడానికి ఆసుపత్రి నుంచి ఒకమ్మాయి వస్తుంది. ఆ అమ్మాయి వారం పాటు బతిమాలి, రెండో వారం బుజ్జగించి, మూడో వారం మమ్మల్ని పక్కకి పిలిచింది.

"కాలు బాగానే ఉంది. కానీ ఇలాగే కూర్చుంటే బిగుసుకుపోతుందండీ. తరవాత నడుద్దామని ఆవిడ అనుకున్నా కాలు ఒప్పుకోదు. ఎంత త్వరగా లేస్తే అంత మంచిది."

"లేవనంటున్నారా?" అన్నాడు అల్లుడు.

"లేవననరు. కర్ర బాగాలేదంటారు."

కర్ర ఆసుపత్రి వాళ్ళిచ్చింది. కర్రకేం, నిటారుగానే ఉంది. తగాదా అంతా దాని అడుగున ఉన్న తొడుగుతో. అక్కయ్య దాన్ని మొదటిరోజే ఒళ్ళో పెట్టుకుని గోటితో గీసి, "ఇది రబ్బరా? రబ్బరు వేషం కట్టిన ప్లాస్టిక్కు. జన్మంతా రబ్బరు చేసినదాన్ని, దీని మీద నిలబడమంటారా?" అని మూలకి విసిరేసింది. నాలుగు కాళ్ళ చట్రం తెస్తే, "నాకు రెండే సరిగ్గా లేవు, ఇంకో నాలుగు దేనికి?" అంది. పట్టు అనేది కర్రకి తక్కువ, మా అక్కయ్యకి ఎక్కువ.

"అంతేనా అత్తయ్యా? తొడుగు మనం చేసుకోలేమా? అదెంత పని!" అన్నాడు అల్లుడు, అక్కయ్య దగ్గరికెళ్ళి.

అల్లుడంటే మా మేనకోడలి మొగుడు. మిల్లులో పని నేర్చుకుంటానని వచ్చి, అక్కయ్య దగ్గర నానా తిట్లూ తిని, చివరికి అక్కయ్య కూతుర్నే చేసుకున్నాడు. ఇల్లరికం అనకండి, కోపమొస్తుంది. అది మిల్లరికం. రబ్బరు కలిపేది అతను, దాన్ని అచ్చుల్లో పెట్టి ప్రెస్సులో ఉడికించేది మా మేనకోడలు. ప్రెస్సంటే పత్రికల ప్రెస్సు కాదు. అయినా ఇంట్లో వార్తలన్నీ ముందు ఆమెకే తెలుస్తాయి.

ఇక్కడ రబ్బరు గురించి కాస్త చెప్పాలి. ఎక్కువ సాగదియ్యను. చెట్టుకి గాటు పెడితే కారే పాలతో చేసే రబ్బరు ఒకటుంది. మా దగ్గరికొచ్చేది చెట్టు మొహం ఎరగని రబ్బరు. ముడిచమురు శుద్ధిచేసే పెద్ద కర్మాగారాల్లోంచి బ్యూటాడైయీన్ అనే వాయువూ, స్టైరీన్ అనే ద్రవమూ తీస్తారు. రెంటినీ సబ్బునీళ్ళలో వేసి చల్లగా ఉంచి గిలక్కొడతారు. అప్పుడు ఆ బుల్లి అణువులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని వేలకి వేలు బారులు తీరతాయి. చూడ్డానికి అచ్చం పాలే. అందులో ఉప్పూ ఆమ్లమూ పోస్తే పాలు విరుగుతాయి. మన ఇంట్లో పాలు విరిగితే మొహాలు మాడిపోతాయి గానీ, అక్కడ విరక్కపోతే మాడతాయి. ఆ విరుగుడు ముక్కల్ని కడిగి, ఆరబెట్టి, దిమ్మలుగా నొక్కి మాలాంటి చిన్నవాళ్ళకి పంపిస్తారు. ఇది టైర్ల రబ్బరు. దీనికి అన్నదమ్ములు బోలెడుమంది. మూలసరుకు మారిస్తే గుణం మారుతుంది. ఒకడు నూనెకి లొంగడు, ఒకడు వేడికి బెదరడు, ఒకడు గాలిని పోనివ్వడు.

దిమ్మ మా దగ్గరికొచ్చేసరికి పచ్చిది. లాగితే సాగుతుంది గానీ మళ్ళీ వెనక్కి రాదు, నేను కొందరికి అరువిచ్చిన గొడుగుల్లాగా. దాన్ని మిల్లు మీద, ఎదురెదురుగా తిరిగే రెండు ఇనుప రోలర్ల మధ్య వేసి నలుపుతూ నల్లటి మసిపొడీ, కాస్త నూనే, గంధకమూ కలుపుతారు. పేరులో గంధం, వాసనలో కంపు. కానీ ప్రెస్సులో వేడి తగలగానే ఆ గంధకమే బారుకీ బారుకీ మధ్య సంబంధాలు కుదురుస్తుంది. ఒకసారి ముడిపడ్డాక ఎంత లాగినా ఎవరింటికి వాళ్ళు తిరిగొస్తారు. ఉడికిన రబ్బరంటే అదే. కలిపిన ముద్దని మేం కాంపౌండు అంటాం. మా కాంపౌండు గోడ లోపల ఎక్కడ చూసినా కాంపౌండే.

అల్లుడు ముందుగా నైట్రైల్ రబ్బరుతో ఒక తొడుగు చేసి తెచ్చాడు. అక్కయ్య గోటితో నొక్కి వాసన చూసింది.

"నైట్రైలు. నూనెలో నానబెట్టినా ఉబ్బదు."

"అవునత్తయ్యా!"

"నన్ను పెట్రోలు బంకులో పనికి పెడుతున్నారా?"

తరవాత సిలికోన్. పాలలాగా తెల్లగా, ముద్దుగా ఉంది. అక్కయ్య గోటితో అంచున చిన్న గాటు పెట్టి లాగింది. తొడుగు ఈ చివర్నుంచి ఆ చివరికి చిరిగి రెండుగా చేతికొచ్చింది.

"వేడికి మహా గట్టిది. నేను నిప్పుల మీద నడిచే రోజున చెయ్యి."

క్లోరోప్రీన్ తెచ్చినప్పుడు ఎండకీ వానకీ చెక్కుచెదరని సరుకని నేనే సిఫార్సు చేశాను. "నీళ్ళలో దిగేవాళ్ళ దుస్తులు కూడా దీంతోనే కుడతారక్కయ్యా," అన్నాను.

"ఒరేయ్, నేను పడింది ఆ నీళ్ళలోనే కదరా. మళ్ళీ అందులోకే తోస్తావేం?" అంది. అని కిటికీ వైపు తిరిగింది. ఎప్పుడూ చివర్న ఒక నవ్వు ఉండేది. ఈసారి లేదు.

టైరు రబ్బరుతో చేస్తే, "నేను లారీనా?" అంది.

"లారీ అయితే కనీసం రివర్సులోనైనా కదిలేది," అన్నాను. చేతిలో ఉన్న తొడుగు నా మీదకి విసిరింది. చేతులు బాగానే పనిచేస్తున్నాయని తేలింది.

పాలీబ్యూటాడైయీన్ సంగతి చెప్పకపోతే కథకి అన్యాయం. గెంతడంలో దాన్ని మించింది లేదు. అల్లుడు దాని జోరు చూపిద్దామని తొడుగుని నేలకేసి కొట్టాడు. అది లేచి కప్పుకి తగిలి, అల్మరా అద్దానికి తగిలి, కసరత్తు అమ్మాయి భుజానికి తగిలి, చివరికి అక్కయ్య ఒళ్ళో పడింది.

"దీన్ని తొడిగితే కర్ర ముందు వెళ్ళిపోతుంది, నేను తరవాత బస్సుకి వస్తాను," అంది అక్కయ్య. అందరం నవ్వాం. కసరత్తు అమ్మాయి మాత్రం భుజం రాసుకుంటూ, "ఈ ఇంట్లో పరీక్షలన్నీ అవుతున్నాయి, నడక తప్ప," అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. మర్నాడు పొద్దున సరుకు నమూనా చూపిద్దామని అక్కయ్య గది దాకా వెళ్ళి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఎవరూ చూడట్లేదనుకుంది అక్కయ్య. మూలన పడేసిన కర్రనే తీసుకుని, కాళ్ళు కింద పెట్టి, కర్రని నున్నటి నేల మీద ఆనించి నొక్కింది. కర్ర కీచుమని ఒక వెంట్రుకవాసి జరిగింది. అంతే. గబుక్కున కాళ్ళు పైకి తీసుకుంది, కర్ర వదిలేసింది, ఒళ్ళో దుప్పటి మెడదాకా లాక్కుంది. మిల్లు రోలర్లు తిరుగుతుంటే వాటి మధ్య వేళ్ళు పోకుండా ముద్దని తిప్పిన మనిషి. ఇప్పుడు ఆ వేళ్ళతోనే దుప్పటి అంచు బిగించి పట్టుకుంది.

నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కొచ్చి మేనకోడలికి చెప్పాను.

"తెలుసు మావయ్యా. తొడుగు బాగాలేకపోవడం కాదు, మళ్ళీ పడతానేమోనని భయం. అడిగితే ఒప్పుకోదు. అడిగినందుకు నా మీద అరుస్తుంది," అంది. కళ్ళలో నీళ్ళున్నాయి గానీ చేతులు అచ్చులు తుడుస్తూనే ఉన్నాయి.

అల్లుడు మసి మొహంతో అంతా విన్నాడు. "బ్యూటైల్‌తో చేస్తాను. గెంతదు, చప్పుడు చెయ్యదు, తడినేల మీద కూడా పట్టుకుంటుంది. ఇవాళ ఎలాగూ సీసాల బిరడాల కోసం బ్యూటైలే కలపాలి. అందులోంచి మొదటి ముక్క తీస్తా. ఒకటి చెప్తున్నా, ఈసారి గోటి పరీక్ష లేదు. గోరు తగలకుండా నేనే కర్రకి తొడిగి చేతికిస్తా. నొక్కడమేదో కాలితోనే నొక్కాలి."

"అత్తగారికి ఎదురు చెప్పే అల్లుణ్ణి ఇవాళే చూస్తున్నా," అన్నాను.

"ఎదురు చెప్పను మావయ్యా. ఎదురుగా నిలబడతా, అంతే."

కసరత్తు అమ్మాయి వచ్చే వేళకి అందివ్వాలని అతను ఉరుకులు పరుగులు పెట్టాడు. అచ్చులోంచి తీసిన తొడుగు చెయ్యి కాలేంత వేడిగా ఉండగానే, అంటుకోకుండా చల్లే తెల్లపొడి దాని మీద గుప్పెడు గుప్పించి, కర్రకి బిగించి తెచ్చాడు. పొడి పూసుకున్న ఆ తొడుగు పెళ్ళిచూపులకి తయారైనట్టుంది.

"ఏదీ, ఇటివ్వు," అంది అక్కయ్య, గోరు సవరించుకుంటూ.

"ఇవ్వనత్తయ్యా. ఇది నొక్కి చూసే సరుకు కాదు, ఎక్కి చూసే సరుకు."

అక్కయ్య అల్లుణ్ణి చూసింది, కూతుర్ని చూసింది, నన్ను చూసింది. నేను కప్పు వైపు చూశాను. కసరత్తు అమ్మాయి ఆమె చంక కింద చెయ్యి వేసింది. అక్కయ్య కర్ర పట్టుకుని నేలకి ఆనించి, అటూ ఇటూ తోసింది. కదల్లేదు. ఇంకా గట్టిగా తోసింది. కదల్లేదు. బరువంతా దాని మీద వేసింది. నేలకి మేకు కొట్టినట్టు నిలబడింది.

అప్పుడు మా అక్కయ్య లేచింది. ముందు సగం లేచింది, అక్కడ ఒక్క క్షణం ఆగింది, తరవాత పూర్తిగా లేచి నిలబడింది. కసరత్తు అమ్మాయి తన చెయ్యి మెల్లగా తీసేసింది. ఇంట్లో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. చిన్నగదిలో నలుగురం ఉన్నా గాలి ఖర్చు కాలేదు.

"పట్టుంది," అంది అక్కయ్య. మొహంలోకి మళ్ళీ కళ వచ్చింది. "అల్లుడూ, దీనికి పట్టుంది."

"మరి ఒక అడుగు?" అంది కసరత్తు అమ్మాయి.

అడుగు వెయ్యాలంటే కర్ర ఎత్తాలి. అక్కయ్య ఎత్తింది. కర్ర రాలేదు. లాగింది. ససేమిరా అంది. అల్లుడు వంగి రెండు చేతులా లాగాడు. తొడుగు అడుగునుంచి నల్లటి తీగలు సాగాయి గానీ తొడుగు నేలని వదల్లేదు. రెండు మూడుసార్లు లాగాక కర్ర వదిలేశాడు. ఎవరూ పట్టుకోకుండానే అది గది మధ్య నిటారుగా నిలబడింది. ఇన్నాళ్ళకి మా ఇంట్లో ఎవరి సాయం లేకుండా నిలబడింది ఆ కర్ర ఒక్కటే.

అక్కయ్య ఒక చెయ్యి గోడకి ఆనించి, రెండో చేత్తో అల్లుడి చేతికంటుకుని పైకొచ్చిన తీగని వేలికి చుట్టి లాగింది. వేలికి జిగురంటింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. అంతే, మొహం మారిపోయింది. రోగి వెళ్ళిపోయింది, మేడంగోరు వచ్చింది.

"ఇది ఉడకలేదు."

"పూర్తిగా ఉడికించానత్తయ్యా! గడియారం చూసి మరీ..."

"నీ గడియారం సంగతి కాదు. బ్యూటైలులో టైరు రబ్బరు వాసనేంటి? పొద్దున మిల్లు మీద ఏం కలిపారు?"

"రబ్బరు చాపల సరుకు. టైరు రబ్బరే."

"దాని తరవాత మిల్లు కడిగారా?"

మా పనిలో మిల్లు కడగడమంటే నీళ్ళతో కాదు. కలపబోయే రబ్బరు తుక్కునే ఒకసారి రోలర్ల మధ్య తిప్పి, పాత రబ్బరు పిప్పంతా దానికి అంటించి పారేస్తారు. అల్లుడు నా వైపు చూశాడు. నేను మళ్ళీ కప్పు వైపు చూశాను.

"చేత్తో తుడిచా," అన్నాడు సన్నగా.

"చేత్తో తుడిచాడట! ఎన్నిసార్లు చెప్పాను నీకు? టైరు రబ్బరుకి ఒంటినిండా చేతులే. బ్యూటైలుకి ఉన్నవే ఒకటీ అరా. ఇద్దర్నీ ఒకచోట పెడితే గంధకమంతా చేతులెక్కువ ఉన్నవాడు లాగేసుకుంటాడు. బ్యూటైలు నోట్లో వేలేసుకుని పచ్చిగా మిగిలిపోతుంది, ఇదిగో, ఇలా!" అని వేలు చూపించింది. చూపించిన వేలు అలాగే ఆగింది. "మిగతా ముద్ద ఏది?"

అల్లుడూ మేనకోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బిరడాల ముద్ద ఎక్కడుందని అడుగుతున్నా!"

"ప్రెస్సు దగ్గరమ్మా," అంది మేనకోడలు. "ఈపాటికి అచ్చుల్లోకి ఎక్కిస్తుంటారు."

"ఎక్కిస్తే అచ్చులన్నీ జిగురే! నెల తోమినా వదలదు!"

మేనకోడలు తలుపు వైపు ఉరకబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. అల్లుడు జేబులోంచి ఫోను తీశాడు. లాక్కుని నా జేబులో వేసుకున్నాను. ఇద్దరూ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. నేను కళ్ళతోనే గుమ్మం వైపు చూపించాను.

అక్కయ్య గోడ పట్టుకుని అప్పటికే గుమ్మం దాకా వెళ్ళిపోయింది.

కసరత్తు అమ్మాయి చప్పుడు చెయ్యకుండా వెళ్ళి ఆమె పక్కన ఒక జానెడు దూరంలో నడవడం మొదలెట్టింది. వెనక మేం ముగ్గురం, దొంగల్లాగా మునివేళ్ళ మీద. వసారా పొడుగునా అక్కయ్య ఒక చేత్తో గోడ తడుముకుంటూ, రెండో చేత్తో గాల్లో మిల్లు కడుగుతూ, "చేత్తో తుడిచాడట! చేత్తో!" అంటూ పోతోంది. చెడ్డకాలు కొంచెం ఈడుస్తోంది. మధ్యలో ఒకచోట ఆగింది. మా గుండెలు కూడా ఆగాయి. ఊపిరి తీసుకోడానికట. మళ్ళీ కదిలింది.

అవతలి తలుపు ఆమే తోసింది. "ఆపండి! అచ్చు ముయ్యొద్దు!"

ప్రెస్సు దగ్గర పనివాడు చేతిలో నల్లముద్దతో నిలబడి ఉన్నాడు. మేడంగోరి గొంతు విని అలవాటుగా ఆగాడు. మేడంగోరి కాళ్ళు చూసి అలవాటు లేక ముద్ద వదిలేశాడు. అది నేల మీద పడి అక్కడే అతుక్కుంది. యంత్రాలు ఒక్కొక్కటీ ఆగాయి. మిల్లు ఆపింది ఎవరో, పొగ లాగే బ్లోయరు ఆపింది ఎవరో. అందరూ ఆమె కాళ్ళ వైపే చూస్తున్నారు.

"ఏంటా చూపు? ఎప్పుడూ చూడలేదా?" అంది అక్కయ్య. అని తనూ కిందకి చూసుకుంది.

ఆమె చెయ్యి మెల్లగా పక్కనున్న రబ్బరు దిమ్మ మీదకి పోయింది. మేనకోడలు ఇక ఆగలేక అచ్చుల బల్ల మీదకి వంగి వెక్కి వెక్కి ఏడ్చేసింది.

"ఇటు జరుగు. అచ్చుల్లో నీళ్ళు పడితే సరుకంతా పొక్కులొస్తాయి," అంది అక్కయ్య. దిమ్మ మీద కూర్చుంది. కూతురొచ్చి మోకాళ్ళ దగ్గర చతికిలబడితే, జిగురంటని వేళ్ళతో తల నిమిరింది.

అల్లుడు ఆ పాటికి బ్యూటైల్ తుక్కు తెచ్చి మిల్లు కడగడం మొదలెట్టాడు. అక్కయ్య దిమ్మ మీద నుంచే, "అంచుల్లో చూడు. అంచుల్లో! అద్దం చూసి జుట్టు దువ్వుకున్నంత శ్రద్ధగా చెయ్యి," అంటూ కూర్చుంది. అతను తిట్లు తింటున్న కొద్దీ మొహం వెలిగిపోతోంది. అటువంటి ఆకలి నేనెక్కడా చూడలేదు.

మిల్లు శుభ్రమయ్యాక నేను, "చక్రాల కుర్చీ తీసుకురానా అక్కయ్యా?" అన్నాను.

"నువ్వు కూర్చుని రా దాంట్లో, నీకే పనికొస్తుంది," అంది. లేవబోయింది. సగంలోనే మళ్ళీ దిమ్మ మీద కూర్చుంది. ఈసారి దాచుకోలేదు. "కాస్త భయంగానే ఉందిరా," అంది, నాకొక్కడికే వినబడేట్టు. ఆ తరవాత అందరికీ వినబడేట్టు, "అల్లుడూ, ఇటు రా. చెయ్యివ్వు. అంటుకోదు కదా?"

అల్లుడు అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు, ప్యాంటుకి తుడుచుకున్నాడు, మళ్ళీ చూసుకున్నాడు, అప్పుడు చాపాడు. అక్కయ్య గోటితో ఆ అరచేతిని ఒక్కసారి నొక్కింది. ఆ చెయ్యే పట్టుకుని లేచింది.

ఇద్దరూ వసారాలోకి నడిచారు. అక్కయ్య అడుగుకొక తిట్టు చొప్పున తిడుతూనే ఉంది: మిల్లు గురించి, తొందర గురించి, చేత్తో తుడవడం గురించి. సగం దారిలో తిట్లు అయిపోయాయి. అడుగులు ఇంకా మిగిలి ఉన్నాయి. అల్లుడే అందించాడు: "నైట్రైలు సంగతి మర్చిపోయారత్తయ్యా."

"అవును, ఆ నైట్రైలు!" అని అక్కయ్య ఇంకో అడుగు వేసింది.